అప్పు తీర్చిన పిడికిలి – జో లూయిస్ జీవితం

వార్షికోత్సవ సంచికలో ఒక మహనీయుని జీవితం వేయడం మన హాస్టల్ ఆనవాయితీ. అంబేద్కర్ గారి గురించి, జ్యోతిరావు ఫూలే గారి గురించి, గుర్రం జాషువా గారి గురించి మన పత్రికలో చదువుకుంటూనే ఉన్నాం. ఈసారి మేము ఒక బాక్సర్‌ను ఎంచుకున్నాం. ఆయన పేరు జో లూయిస్. అమెరికా దేశస్థుడు, నల్లజాతి వాడు. దాదాపు 12 ఏళ్ళు ఏకధాటిగా ప్రపంచ హెవీవెయిట్ ఛాంపియన్‌గా నిలిచిన వాడు.

బాక్సర్ జీవితం మనకెందుకు అని తమ్ముళ్ళు అడగవచ్చు. కారణం ఉంది. మనల్ని చూసి సర్కారు కూడు తిని చదువుకునేవాళ్ళు అనే మాట అక్కడక్కడా వినబడుతూనే ఉంటుంది. ఆ మాటకు తల వంచుకుని, కాలేజీ దరఖాస్తులో హాస్టల్ చిరునామా రాయడానికి కూడా వెనకాడే తమ్ముళ్ళు మనలో ఉన్నారు. జో లూయిస్ కుటుంబం కూడా కరువు రోజుల్లో సర్కారు సాయంతోనే బతికింది. ఆ సాయాన్ని ఆయన ఎలా చూశాడు, తర్వాత ఏం చేశాడు అన్నది మనం తప్పక తెలుసుకోవలసిన విషయం. అలాగే కోట్లమంది పొగిడిన ఆ మనిషి చివరి రోజుల్లో అప్పుల్లో ఎందుకు కూరుకుపోయాడు అన్నది కూడా తెలుసుకోవాలి. ఈ రెండూ కలిస్తేనే ఆయన జీవితం పూర్తిగా అర్థమవుతుంది.

పత్తి చేల నుంచి

జో లూయిస్ పూర్తి పేరు జోసెఫ్ లూయిస్ బారో. 1914 మే 13న అమెరికా దక్షిణ ప్రాంతంలోని అలబామా రాష్ట్రంలో, లఫాయెట్ అనే చిన్న పట్టణానికి దగ్గరి పల్లెలో జన్మించాడు. ఎనిమిది మంది సంతానంలో ఏడవవాడు. తల్లి లిల్లీ, తండ్రి మన్రో. ఇద్దరూ బానిసలుగా బతికినవారి బిడ్డలే. అమెరికాలో బానిసత్వం 1865లో చట్టరీత్యా రద్దయింది. కానీ భూమి మాత్రం పాత యజమానుల చేతుల్లోనే ఉండిపోయింది. నల్లవాళ్ళు ఆ భూముల్లోనే పాలికి పత్తి పండించి, పంటలో పెద్ద భాగం ఆసామికి కొలిచి, మిగిలిన దాంతో విత్తనాల అప్పు, తిండిగింజల అప్పు తీర్చుకునేవాళ్ళు. ఏడాది చివర చూసుకుంటే చేతిలో ఏమీ మిగలదు. మన తాతల కాలం సంగతులు విన్నవారికి ఇది వేరే చెప్పనక్కరలేదు.

జోకు రెండేళ్ళు నిండేసరికి తండ్రికి మతి చలించి పిచ్చాసుపత్రిలో చేర్చారు. కొన్నాళ్ళకు ఆయన చనిపోయాడని ఇంటికి కబురు వచ్చింది. నిజానికి ఆయన 1938 వరకు ఆ ఆసుపత్రిలోనే బతికి ఉన్నాడు. తన కొడుకు ప్రపంచ ఛాంపియన్ అయిన సంగతి ఆయనకు తెలియనే లేదు. తల్లి లిల్లీ బట్టలు ఉతికి, చేలో పని చేసి పిల్లల్ని సాకింది. తర్వాత పాట్ బ్రూక్స్ అనే ఆయన్ను పెళ్ళాడింది. ఆయనకూ పిల్లలున్నారు. అందరూ ఒకే ఇంట్లో, ఒక్కో మంచం మీద ముగ్గురు నలుగురు పడుకుని పెరిగారు.

దక్షిణాదిలో నల్లవాళ్ళను భయపెట్టి, కొట్టి, చంపే కు క్లక్స్ క్లాన్ ముఠాలు తిరిగే రోజులవి. పొట్టకూటి కోసం, ప్రాణభయం వల్ల లక్షలాది నల్లజాతి కుటుంబాలు ఉత్తరాది పరిశ్రమల నగరాలకు వలస పోయాయి. 1926లో జో కుటుంబం కూడా కార్ల ఫ్యాక్టరీలకు పేరుపొందిన డెట్రాయిట్ చేరింది. అప్పటికి జోకు 12 ఏళ్ళు.

వయొలిన్ డబ్బులతో బాక్సింగ్

పల్లెలో సరైన బడి లేనందువల్ల జో చదువులో వెనకబడి ఉన్నాడు. డెట్రాయిట్‌లో తనకంటే చిన్న పిల్లలతో కలిసి కూర్చోవలసి వచ్చింది. మాటలో కూడా తడబాటు ఉండేది. చివరికి బ్రాన్సన్ వృత్తివిద్యా పాఠశాలలో చేర్పించారు. అక్కడ బీరువాలు, అల్మారాలు చేసే వడ్రంగం పని నేర్చుకున్నాడు.

1929లో అమెరికాలో మహామాంద్యం మొదలైంది. ఫ్యాక్టరీలు పనివాళ్ళను తీసేశాయి. సవతి తండ్రికి పని పోయింది. ఇంటినిండా పిల్లలు. అప్పుడు డెట్రాయిట్ నగరపాలక సంస్థ నిరుద్యోగ కుటుంబాలకు ఇచ్చే సహాయపు డబ్బుతో ఆ ఇల్లు గడిచింది. ఈ విషయాన్ని గుర్తుపెట్టుకోండి. మళ్ళీ దీని దగ్గరికే వస్తాం.

అంత ఇబ్బందిలోనూ తల్లి కొడుకును వయొలిన్ నేర్చుకోమని వారానికి కొద్దిపాటి ఫీజు ఇచ్చేది. పిల్లవాడు సంగీతం నేర్చి, వీధుల్లో చెడిపోకుండా ఉంటాడని ఆమె ఆశ. కానీ జో తోటి విద్యార్థి థర్స్టన్ మెకిన్నీ అప్పటికే బాక్సింగ్ చేస్తున్నాడు. అతని వెంట జో బ్రూస్టర్ రిక్రియేషన్ సెంటర్‌కు వెళ్ళాడు. వయొలిన్ ఫీజు అక్కడి లాకర్ అద్దె అయింది. గ్లౌజులను వయొలిన్ పెట్టెలో దాచి తీసుకెళ్ళేవాడని చెప్పుకుంటారు. తల్లికి తెలియకూడదనే పోటీల్లో ఇంటిపేరు బారో వదిలేసి జో లూయిస్ అని రాశాడని కొందరు, అక్షరాలు పెద్దవిగా రాయడంతో కాగితం మీద చోటు చాలలేదని మరికొందరు అంటారు. ఏదైతేనేం, ఆ పేరే లోకమంతా నిలిచింది.

ఏడు సార్లు కింద పడ్డ కుర్రాడు

ఇక్కడ బాక్సింగ్ గురించి రెండు ముక్కలు చెప్పాలి. బాక్సింగ్‌లో అమెచ్యూర్, ప్రొఫెషనల్ అని రెండు దారులున్నాయి. జో కాలపు అమెచ్యూర్ పోటీల్లో మూడే రౌండ్లు ఉండేవి. గెలిచినా ఓడినా చేతికి డబ్బు ఇవ్వరు. పతకమో, దుకాణంలో సరుకులు కొనుక్కునే చీటీయో ఇస్తారు. మన నిజామాబాద్ ఆడబిడ్డ నిఖత్ జరీన్ 2022, 2023 సంవత్సరాల్లో ప్రపంచ ఛాంపియన్ అయింది ఈ ఒలింపిక్ తరహా బాక్సింగ్‌లోనే. ప్రొఫెషనల్ బాక్సింగ్ వేరు. అది బతుకుతెరువు. పోటీకి ఇంత అని డబ్బు ఉంటుంది. పోటీలు కుదిర్చే మేనేజర్, నేర్పే ట్రైనర్, టిక్కెట్లు అమ్మే ప్రమోటర్ అందరికీ అందులో వాటాలుంటాయి. ఆ రోజుల్లో ప్రపంచ టైటిల్ పోటీ అంటే 15 రౌండ్లు.

1932లో, 17 ఏళ్ళ వయసులో జో మొదటి అమెచ్యూర్ పోటీకి దిగాడు. ఎదురుగా ఉన్నది జానీ మైలర్. ఆ ఏడాదే అమెరికా తరఫున ఒలింపిక్స్‌కు వెళ్ళిన ఆటగాడు. కొత్త కుర్రాడికి అతనితో పోటీ పెట్టడమే అన్యాయం. జో ఏడు సార్లు కింద పడ్డాడు. ఓడిపోయాడు. ఓడినందుకు ఏడు డాలర్ల సరుకుల చీటీ ఇచ్చారు. దాన్ని తెచ్చి ఇంట్లో ఇచ్చాడు. ఈ దెబ్బలు మనకొద్దు, ఫ్యాక్టరీలో పని చూసుకో అన్నాడు సవతి తండ్రి. జో కొన్ని నెలలు కార్ల ఫ్యాక్టరీలో బరువైన బండి భాగాలు నెట్టే పనిలో కుదిరాడు. కానీ మనసంతా రింగ్ మీదనే. చివరికి తల్లే, నీకు నిజంగా అదే ఇష్టమైతే అదే చెయ్యమని దారి వదిలింది.

మళ్ళీ మొదలుపెట్టాడు. ఈసారి నేర్చుకునే పద్ధతి మారింది. జిమ్‌లో తనకంటే అనుభవం ఉన్న బాక్సర్ల దగ్గర ఒక్కో మెళకువా పట్టుకున్నాడు. కుడిచేతి బలం ఒక్కటే నమ్ముకోకుండా ఎడమచేతి జాబ్‌ను సానపెట్టాడు. జాబ్ అంటే ఎదుటివాణ్ణి దూరంగా ఉంచుతూ, మన కుడిచేతికి దారి చేసే నేరు గుద్దు. 1933లో డెట్రాయిట్ గోల్డెన్ గ్లవ్స్ పోటీల్లో కొత్తవారి విభాగంలో గెలిచాడు. 1934లో చికాగోలో జరిగిన గోల్డెన్ గ్లవ్స్ ఛాంపియన్ల పోటీలో లైట్ హెవీవెయిట్ విజేత అయ్యాడు. అదే ఏడాది ఏప్రిల్‌లో సెయింట్ లూయిస్ నగరంలో జాతీయ అమెచ్యూర్ టైటిల్ కూడా గెలిచాడు. మొత్తం 54 అమెచ్యూర్ పోటీల్లో 50 గెలుపులు. వాటిలో 43 నాకౌట్లు. రెండేళ్ళ కిందట ఏడు సార్లు పడిన కుర్రాడి లెక్క ఇది.

ప్రొఫెషనల్ గడప

ఆ సమయంలోనే డెట్రాయిట్ నల్లజాతి సమాజంలో పలుకుబడి ఉన్న జాన్ రాక్స్‌బరో జోను చేరదీశాడు. మంచి బట్టలు కొనిచ్చాడు, మంచి తిండి పెట్టించాడు. ఆయన సంపాదనలో చట్టం ఒప్పని నంబర్ల లాటరీ వ్యాపారం కూడా ఉందన్నది దాచనవసరం లేదు. బ్యాంకులు, కంపెనీలు నల్లవాళ్ళకు తలుపు తీయని రోజుల్లో జో మీద డబ్బు పెట్టడానికి ముందుకొచ్చింది అలాంటివారే. చికాగోకు చెందిన జూలియన్ బ్లాక్ రెండో మేనేజర్. ట్రైనర్‌గా పాత లైట్‌వెయిట్ బాక్సర్ జాక్ బ్లాక్‌బర్న్ కుదిరాడు. ముగ్గురూ నల్లజాతివారే.

బ్లాక్‌బర్న్ మొదట వెనకాడాడు. కారణం ఏమిటంటే, అప్పట్లో నల్లజాతి హెవీవెయిట్‌కు టైటిల్ పోటీయే దక్కేది కాదు. 1908లో జాక్ జాన్సన్ మొట్టమొదటి నల్లజాతి ప్రపంచ హెవీవెయిట్ ఛాంపియన్ అయ్యాడు. ఆయన తెల్లవాళ్ళను లెక్కచేయకుండా తన ఇష్టప్రకారం బతికాడు. తెల్ల స్త్రీలను పెళ్ళాడాడు. దేశమంతా ఆయన మీద పగబట్టింది. 1915లో ఆయన ఓడిన తర్వాత రెండు దశాబ్దాల పాటు మరో నల్లవాణ్ణి ఆ టైటిల్ దరిదాపులకు రానివ్వలేదు.

అందుకే మేనేజర్లు జోకు కొన్ని కట్టుబాట్లు పెట్టారు. తెల్ల స్త్రీలతో ఫొటో దిగకూడదు. ఓడిన ప్రత్యర్థిని చూసి నవ్వకూడదు, ఎగరకూడదు. డబ్బు కోసం కావాలని ఓడిపోయే పోటీ ఒప్పుకోకూడదు. నడవడిలో మచ్చ ఉండకూడదు. తెల్ల ఆటగాళ్ళకు ఇలాంటి షరతులు ఎవరూ పెట్టలేదు. అందరికీ ఉన్న హక్కు మనకు దక్కాలంటే మనం మాత్రం అందరికంటే బుద్ధిమంతులమని రోజూ రుజువు చేసుకోవాలి. ఈ అన్యాయం మనకు తెలియనిది కాదు. జో ఆ కట్టుబాట్లను బయటికి పాటించాడు. దాని బరువు మాత్రం ఆయన ఒక్కడే మోశాడు.

బ్లాక్‌బర్న్ గొప్ప గురువు. కాళ్ళ మీద తూకం తప్పకుండా నిలబడడం, చెయ్యి దూరం నుంచి విసరకుండా దగ్గర నుంచి కురచగా కొట్టడం, ఒకదాని వెంట ఒకటిగా గుద్దులు కలపడం ఆయనే నేర్పాడు. నల్లవాడికి జడ్జీలు న్యాయం చేస్తారన్న నమ్మకం పెట్టుకోవద్దని, పోటీని వాళ్ళ చేతికి పోనివ్వకుండా నాకౌట్‌తోనే ముగించాలని బోధించాడు.

1934 జూలై 4న చికాగోలో జో లూయిస్ మొదటి ప్రొఫెషనల్ పోటీ. ప్రత్యర్థి జాక్ క్రాకెన్. మొదటి రౌండులోనే నాకౌట్. జోకు వచ్చిన డబ్బు 59 డాలర్లు. ఆ ఏడాది ముగిసేలోగా 12 పోటీలు చేసి పన్నెండూ గెలిచాడు. 1935లో ప్రమోటర్ మైక్ జేకబ్స్ ఆయన్ను న్యూయార్క్ తీసుకెళ్ళాడు. జూన్ 25న యాంకీ స్టేడియంలో మాజీ ఛాంపియన్, ఇటలీకి చెందిన భారీకాయుడు ప్రైమో కార్నెరాను ఆరో రౌండులో ఓడించాడు. అప్పటికే ఇటలీ నియంత ముస్సోలినీ ఇథియోపియా మీద కత్తి దూస్తున్నాడు. నల్లజాతి ప్రజలు ఈ గెలుపును ఇథియోపియా తరఫు జవాబుగా కూడా చూశారు. సెప్టెంబరు 24న మరో మాజీ ఛాంపియన్ మాక్స్ బేర్‌ను నాలుగో రౌండులో పడగొట్టాడు. అదే రోజు మార్వా ట్రాటర్‌ను పెళ్ళి చేసుకున్నాడు.

ఎవరూ అడగని అప్పు

చేతికి డబ్బు రావడం మొదలయ్యాక జో చేసిన పనుల్లో మమ్మల్ని ఎక్కువగా ఆలోచింపజేసింది ఒకటి ఉంది. తల్లికి ఇల్లు కొనిచ్చాడు, తోబుట్టువుల చదువులకు ఖర్చు పెట్టాడు. అది ఏ కొడుకైనా చేస్తాడు. దాంతోపాటు, మాంద్యం రోజుల్లో తన కుటుంబం తీసుకున్న సహాయపు డబ్బును లెక్క కట్టి డెట్రాయిట్ నగరానికి తిరిగి చెల్లించాడు. దాన్ని తిరిగి ఇమ్మని ఎవరూ అడగలేదు. అది అప్పుగా ఇచ్చిన డబ్బు కాదు. ఆ సాయం తీసుకున్నందుకు ఆయన సిగ్గుపడి దాచిపెట్టలేదు. అది తమకు దిక్కులేని వేళ నిలబెట్టిన చెయ్యి అనుకున్నాడు. తాను నిలబడ్డాక ఆ చెయ్యి మరొకరికి అందాలనుకున్నాడు.

ఒక గుణపాఠం, ఒక జవాబు

1936 జూన్ 19న జర్మనీకి చెందిన మాజీ ఛాంపియన్ మాక్స్ ష్మెలింగ్‌తో పోటీ జరిగింది. అప్పటిదాకా ఓటమి ఎరగని జో, ఈ పోటీకి సరిగా తయారు కాలేదు. కొత్తగా మోజుపడ్డ గోల్ఫ్ ఆటలో పొద్దుపుచ్చాడు. ష్మెలింగ్ మాత్రం జో పోటీల సినిమా రీళ్ళు మళ్ళీ మళ్ళీ చూసి ఒక లోపం కనిపెట్టాడు. జాబ్ కొట్టిన తర్వాత జో ఎడమచెయ్యి కిందికి జారుతుంది. ఆ సందులోంచి కుడిచేత్తో కొడుతూ పోయి, 12వ రౌండులో నాకౌట్ చేశాడు. నల్లవాడల్లో ఆ రాత్రి జనం వీధుల్లోనే ఏడ్చారు. హిట్లర్ ప్రభుత్వం దీన్ని ఆర్య జాతి గొప్పతనానికి రుజువుగా ప్రచారం చేసుకుంది.

జో, బ్లాక్‌బర్న్ మళ్ళీ ఎడమచెయ్యి దగ్గర మొదలుపెట్టారు. ఏడాది తిరిగేసరికి, 1937 జూన్ 22న చికాగోలో ఛాంపియన్ జేమ్స్ బ్రాడాక్‌తో తలపడే అవకాశం వచ్చింది. మొదటి రౌండులో జోయే కింద పడ్డాడు. లేచాడు. ఎనిమిదో రౌండులో బ్రాడాక్‌ను నాకౌట్ చేసి 23 ఏళ్ళకే ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. జాక్ జాన్సన్ తర్వాత 22 ఏళ్ళకు ఆ కిరీటం మళ్ళీ ఒక నల్లవాడికి దక్కింది.

అయినా ష్మెలింగ్‌ను ఓడించేదాకా తనను తాను ఛాంపియన్ అనుకోలేకపోయాడు. 1938 జూన్ 22న, సరిగ్గా ఏడాదికి, యాంకీ స్టేడియంలో 70 వేల మంది ముందు ఇద్దరూ మళ్ళీ ఎదురుపడ్డారు. యూరప్ మీద యుద్ధమేఘాలు కమ్ముకుంటున్న రోజులు. నిన్నటిదాకా నల్లవాణ్ణి పక్కన కూర్చోనివ్వని తెల్ల అమెరికా, ఆ రాత్రి తన పరువును అతని చేతుల్లో పెట్టి రేడియోల ముందు కూర్చుంది. పోటీ 2 నిమిషాల 4 సెకన్లలో ముగిసింది. ష్మెలింగ్ మూడు సార్లు కింద పడ్డాడు.

ఇక్కడ ష్మెలింగ్ గురించి కూడా న్యాయంగా చెప్పాలి. ఆయన నాజీ పార్టీలో చేరలేదు. తన యూదు మేనేజర్‌ను వదులుకోలేదు. అదే ఏడాది నవంబరులో యూదుల మీద దాడులు జరిగినప్పుడు ఇద్దరు యూదు పిల్లలను తన గదిలో దాచి కాపాడాడు. తర్వాతి రోజుల్లో ఆయన, జో ప్రాణమిత్రులయ్యారు.

సైన్యంలో

జో లూయిస్ తన టైటిల్‌ను 25 సార్లు నిలబెట్టుకున్నాడు. హెవీవెయిట్‌లో అదొక రికార్డు. 1941లో బిల్లీ కాన్ ఆయన్ను దాదాపు ఓడించినంత పని చేశాడు. పాయింట్లలో వెనకబడి ఉన్న జో 13వ రౌండులో నాకౌట్‌తో గట్టెక్కాడు.

అమెరికా రెండో ప్రపంచ యుద్ధంలో దిగగానే, 1942 జనవరి 9న బడ్డీ బేర్‌తో పోటీ చేసి తన వాటా డబ్బు మొత్తం నౌకాదళ సహాయ నిధికి ఇచ్చేశాడు. ఆ రోజుల్లో అదే నౌకాదళం నల్లవాళ్ళను వంటశాలలో, వడ్డన పనుల్లో తప్ప మరెక్కడా తీసుకునేది కాదు. తర్వాత మార్చిలో ఏబ్ సైమన్‌తో పోటీ డబ్బు సైనిక సహాయ నిధికి ఇచ్చాడు. ఈ మధ్యలోనే తాను మామూలు సిపాయిగా సైన్యంలో చేరాడు. నెల జీతం 21 డాలర్లు. సైనికుల ముందు దాదాపు వంద ప్రదర్శన పోటీలు చేశాడు.

సైన్యంలోనూ నల్లవాళ్ళకు వేరు దళాలు, వేరు బెంచీలు. జో సభల్లో పెద్దగా మాట్లాడేవాడు కాదు. కానీ అవసరమైన చోట తన పేరును వాడాడు. ఫోర్ట్ రైలీ శిబిరంలో చదువుకున్న నల్ల యువకులను అధికారుల శిక్షణకు తీసుకోకపోతే పైవారికి చెప్పి తలుపులు తెరిపించాడు. అలా అధికారి అయినవారిలో జాకీ రాబిన్సన్ ఒకడు. 1947లో పెద్ద లీగ్ బేస్‌బాల్‌లో వర్ణభేదపు గోడ బద్దలుకొట్టిన ఆటగాడు ఆయనే. 1945లో జోకు లీజియన్ ఆఫ్ మెరిట్ పతకం ఇచ్చారు.

తీరని అప్పు

యుద్ధం తర్వాత 1946లో బిల్లీ కాన్‌ను, 1948లో జెర్సీ జో వాల్కాట్‌ను ఓడించి, 1949 మార్చి 1న ఛాంపియన్‌గానే రిటైర్ అయ్యాడు. 11 ఏళ్ళ 8 నెలల ఏలుబడి అది. కథ ఇక్కడ ముగిస్తే బాగుండేది. కానీ ముగించకూడదు.

ఆయన పోటీల మీద సుమారు 46 లక్షల డాలర్లు వచ్చాయని, అందులో ఆయన చేతికి అందింది సుమారు 8 లక్షలేనని లెక్కలు చెబుతున్నాయి. మిగిలింది వాటాలకు, ఖర్చులకు పోయింది. వచ్చినదాన్ని జో కూడా నిలుపుకోలేదు. అడిగినవారికల్లా ఇచ్చాడు. తెలియని వ్యాపారాల్లో పెట్టాడు. గోల్ఫ్ పందేల్లో పోగొట్టుకున్నాడు. పన్ను లెక్కలు ఎవరో చూసుకుంటున్నారు అనుకున్నాడు. 1950లో పన్నుల శాఖ లెక్క తేల్చేసరికి బాకీ 5 లక్షల డాలర్లు దాటింది. సైనిక నిధులకు ఇచ్చేసిన డబ్బును కూడా ఆయన ఆదాయంగానే లెక్కవేశారు. పైగా ఏటేటా వడ్డీ, జరిమానా. ఎంత సంపాదించినా కొత్త పన్నుకే చాలదు, పాత బాకీ కదలదు.

అందుకోసమే 36 ఏళ్ళ వయసులో మళ్ళీ గ్లౌజులు తొడిగాడు. 1950 సెప్టెంబరులో ఎజార్డ్ చార్ల్స్ చేతిలో ఓడాడు. 1951 అక్టోబరు 26న రాకీ మార్సియానో ఆయన్ను ఎనిమిదో రౌండులో నాకౌట్ చేశాడు. చిన్నప్పటి నుంచి జోను ఆరాధించిన మార్సియానో, గెలిచి కూడా కన్నీరు పెట్టుకున్నాడట. ప్రొఫెషనల్‌గా మొత్తం 69 పోటీలు, 66 గెలుపులు, 52 నాకౌట్లు. ఓటములు మూడే. అందులో రెండు ఈ అప్పు తెచ్చినవే. 1953లో తల్లి మరణించినప్పుడు ఆమె కొడుకుకు వదిలిన 667 డాలర్లను సైతం పన్నుల శాఖ జమ చేసుకుంది. 1956లో డబ్బు కోసం కుస్తీ ప్రదర్శనలు కూడా చేశాడు. 1960ల మొదట్లో గానీ, అప్పటి ఆదాయాన్ని బట్టి కడితే చాలని అధికారులు మెత్తబడలేదు.

ఈ కష్టకాలంలోనే మరో గోడ కదిలించాడు. 1952లో శాన్ డియెగోలో జరిగిన గోల్ఫ్ పోటీకి ఆయన్ను ఆహ్వానించి, నల్లవాడని రానివ్వకూడదని సంఘం పట్టుబట్టింది. జో ఊరుకోలేదు, పత్రికలకెక్కాడు. చివరికి ఆడి, ఆ స్థాయి పోటీలో పాల్గొన్న మొదటి నల్లజాతి ఆటగాడయ్యాడు.

చివరి ఏళ్ళలో మత్తు మందుల బారిన పడ్డాడు. 1970లో మానసిక చికిత్స తీసుకున్నాడు. లాస్ వేగాస్‌లోని సీజర్స్ ప్యాలెస్ హోటల్‌లో అతిథులను పలకరించే ఉద్యోగం చేశాడు. 1959లో ఆయన్ను పెళ్ళాడిన మార్తా జెఫర్సన్ లాయరు. ఆమే ఆయన్ను కనిపెట్టుకుని చూసుకుంది. 1977లో గుండె ఆపరేషన్ తర్వాత చక్రాల కుర్చీకి పరిమితమయ్యాడు. 1981 ఏప్రిల్ 12న, 66 ఏళ్ళ వయసులో కన్నుమూశాడు. ప్రత్యేక అనుమతితో ఆర్లింగ్టన్ జాతీయ సైనిక శ్మశానంలో ఖననం చేశారు. అంత్యక్రియల ఖర్చుకు సాయం చేసినవారిలో మాక్స్ ష్మెలింగ్ ఉన్నాడు. 1982లో అమెరికా కాంగ్రెస్ మరణానంతరం బంగారు పతకం ఇచ్చింది. బతికుండగా బాకీ వసూలు చేసిన దేశం, తాను ఆయనకు పడిన బాకీని అలా ఒప్పుకుంది.

మనం తీసుకోవలసినది

తమ్ముళ్ళారా, జో లూయిస్ జీవితంలో మాకు రెండు అప్పులు కనిపించాయి. మొదటిది డెట్రాయిట్ నగరం ఇచ్చిన సాయం. ఎవరూ అడగకపోయినా దాన్ని తీర్చాడు. మనకు పెట్టే అన్నం, ఇచ్చే పుస్తకాలు, దుప్పటి ఎవరి దయా కాదు, ప్రజల డబ్బుతో రాజ్యాంగం ప్రకారం నడిచే ఏర్పాటు. తీసుకోవడంలో సిగ్గు లేదు. దరఖాస్తులో హాస్టల్ చిరునామా నిండుగా రాయండి. ఉద్యోగం వచ్చిన తర్వాత వెనక వచ్చేవాడికి ఒక చెయ్యి ఇస్తే ఆ లెక్క సరిపోతుంది.

రెండోది పన్ను బాకీ. ఆ చేతుల బలం దానికి పనికిరాలేదు. జమాఖర్చు చదవడం, సంతకం పెట్టే ముందు కాగితం చూడడం ఆయనకు ఎవరూ నేర్పలేదు. నేర్పవలసినవారే వాటా తీసుకున్నారు. మనలో మొదటి జీతం అందుకోబోయేవారు చాలామంది ఉన్నారు. మన ఇళ్ళల్లో చాలామందికి అదే మొదటి నెలజీతం. దాని మీద అందరి చూపూ ఉంటుంది. ఇవ్వండి, కానీ రాసుకుని ఇవ్వండి. జామీను సంతకాలు చదివి పెట్టండి. స్టడీ అవర్‌లో లెక్కల పుస్తకం తీయడానికి బద్ధకించే తమ్ముళ్ళకు ఇంతకంటే పెద్ద కారణం మేము చెప్పలేము.

1986లో డెట్రాయిట్ నగరం నడిబొడ్డున జో లూయిస్ స్మారకం వెలిసింది. నిలువెత్తు విగ్రహం కాదది. ముంజేయి, బిగించిన పిడికిలి, అంతే. పొడవు 24 అడుగులు. ఒకప్పుడు ఆ ఇంటికి పూట గడవడానికి సాయం చేసిన ఊరే దాన్ని తన గుర్తుగా పెట్టుకుంది.

పూర్వ విద్యార్థులైన అన్నలకు ఒక్క మనవి. వార్షికోత్సవానికి వచ్చినప్పుడు పదో తరగతి, ఇంటర్ తమ్ముళ్ళతో ఒక గంట కూర్చోండి. బ్యాంకు ఖాతా, స్కాలర్‌షిప్ ఫారం, అప్పు పత్రం ఎలా చదవాలో చెప్పి వెళ్ళండి. ఈ హాస్టల్‌కు మీరు తీర్చగలిగిన అప్పుల్లో అది మంచిది.